నెమలి బిళ్ళ వెనుక

కందివనం సంస్థానంలో ఒకప్పుడు శుక్రవారం సాయంత్రాలు దర్బారు ఉండేది కాదు. రాజా బలభద్రరాజుగారూ రాణిగారూ ఆ పూట తపాలా బిళ్ళల ఆల్బం ముందు కూర్చునేవారు. ఆల్బం భద్రపరిచే సోమలింగం ఇత్తడి గిన్నెలో నీళ్ళు తెచ్చి పెట్టేవాడు. పాత కవరు ముక్కలను అందులో వేస్తే బిళ్ళలు విడివడి మెల్లగా పైకి తేలేవి.

రాణిగారు కాలం చేశాక ఆ అలవాటు పోయింది. ఆల్బం బీరువాలోనూ, గిన్నె సోమలింగం గదిలోనూ ఉండిపోయాయి. శుక్రవారాలు కూడా దర్బారు జరగసాగింది.

మూడేళ్ళ తరవాత ఒక శుక్రవారం రాజుగారికి ఉన్నట్టుండి ఒక పట్టుదల పుట్టింది.

"మా ఆల్బంలో ఒక్క దొంగ బిళ్ళ కూడా ఉండకూడదు. దొరికినదాన్ని అక్కడికక్కడే కాల్చేయండి. పరీక్షించి చెప్పినవారికి కాశ్మీరు శాలువా!"

మద్రాసు నుంచి బిళ్ళల నిపుణుడు భుజంగరావు దిగాడు. ఆయన మెడలో బంగారు గొలుసు, గొలుసుకు భూతద్దం. విస్తట్లో పప్పును కూడా ఆ అద్దంతో చూసిగాని కలపడని వంటవాళ్ళు చెప్పుకున్నారు.

నిండు సభలో ఆయన ఆల్బం పేజీలు తిప్పుతూ వచ్చి, చివరి పేజీలో ఆగాడు. అక్కడ ఉన్నది ఒకే ఒక్క బిళ్ళ. రాజుగారి తాతగారు సంస్థానానికి సొంత తపాలా నడిపిన రోజుల్లో అచ్చువేయించిన నెమలి బిళ్ళ. ముద్ర పడనిది. పాత పెట్టె అడుగున రాణిగారికి దొరికింది.

"నకిలీ!" అన్నాడు భుజంగరావు.

సోమలింగం ఆల్బం దగ్గరికి వచ్చాడు. "ఎందువల్లనండీ?"

"వెనక చూడవయ్యా. వాడని బిళ్ళకు జిగురు ఉండొద్దూ? ఆనవాలైనా లేదు. ఇదిగో, అసలుది నా దగ్గరుంది!" అంటూ ఆయన తన సంచిలోంచి మరో నెమలి బిళ్ళ తీసి తిరగేశాడు. దాని వెనుక జిగురు నిగనిగలాడుతోంది. "దీన్ని ప్రభువులకు సమర్పించుకుంటాను. ఆల్బం బాధ్యత కూడా నాకు అప్పగిస్తే మరీ మంచిది."

రాజుగారు రాణిగారి బిళ్ళను చాలాసేపు చూశారు. తరవాత ముఖం తిప్పుకున్నారు.

"మాట మాటే. దీపం తెండి."

దీపం వచ్చింది. సోమలింగం చేతులు కట్టుకుని వినయంగా ముందుకు వచ్చాడు.

"అయ్యా, చిన్న అనుమానం. మీ బిళ్ళకు ఆ జిగురు ఎవరైనా ఈమధ్య పూశారేమో?"

"ఏమిటయ్యా నీ కూత!" భుజంగరావు భూతద్దం ఎగిరిపడింది. "ఇది అచ్చుయంత్రం దగ్గర పూసిన జిగురు. అరవై ఏళ్ళుగా దీనికి తడి తగల్లేదు. కావాలంటే రాసిస్తాను!"

"రాసివ్వండి మరి."

ఆయన రాసి, కింద పెద్ద సంతకం చేశాడు. సోమలింగం సిరా ఆరేదాకా ఊది, కాగితాన్ని రాజుగారి చేతికిచ్చాడు. లోపలికి వెళ్ళి ఇత్తడి గిన్నెతో తిరిగివచ్చాడు.

"ప్రభూ, దీని అంచు మీద ఏముందో తమరే చదవాలి."

రాజుగారు గిన్నె తిప్పుతూ చదివారు. "'కందివనం తపాలా కచేరి. చింతగింజల బంక. బిళ్ళను ఎంగిలి చేసినవారికి జరిమానా.'"

"పెద్దలకు రాసే ఉత్తరం మీద ఎంగిలి అంటించడమేమిటని ఆ రోజుల్లో జనం బిళ్ళలు కొనలేదు ప్రభూ. అందుకని తమ తాతగారు పెద్దరాజావారు జిగురు లేకుండానే అచ్చువేయించి, బంకకు ఈ గిన్నెను కచేరి గుమ్మంలో పెట్టించారు."

"ప్రతి శుక్రవారం దీని ముందే కూర్చున్నానే! ఒక్కసారీ చూడలేదేం?"

"అప్పుడు తమరు గిన్నెవైపు చూసేవారు కారు ప్రభూ."

రాజుగారు గిన్నెను మెల్లగా కింద పెట్టారు. ఈలోగా భుజంగరావు తేరుకున్నాడు.

"అయితే... అయితే నా బిళ్ళకు తరవాత ఎవరో జిగురు పూసి ఉంటారు!"

"పూయలేదని భుజంగరావుగారనే గొప్ప నిపుణులు రాసిచ్చారండీ. వారి మాట కాదనడానికి నేనెంతవాణ్ణి?"

మొదట నవ్వినవారు రాజుగారే. ఆ నవ్వు విని మూడేళ్ళయింది కనుక సభ కాసేపు తెల్లబోయి, తరవాత గొల్లున నవ్వింది.

దీపం పట్టుకున్నవాడు ఏ బిళ్ళ కాల్చాలని అడిగాడు.

"ఏదీ వద్దు. అయ్యగారి బిళ్ళను అయ్యగారి నుదుటనే అంటించి మద్రాసు పంపండి. జిగురు ఎలాగూ ఉంది. సరిగా చేరితే అసలుదని ఒప్పుకుంటాం."

కాశ్మీరు శాలువా సోమలింగం భుజాల మీదికి వచ్చింది. మరుసటి వారం నుంచి శుక్రవారం దర్బారు రద్దయింది.

అందరూ వెళ్ళాక, రాజుగారు నెమలి బిళ్ళను దాని చోట పెట్టి, పేజీ అంచుకు వేలు ఆనించారు. రాణిగారితో కూర్చున్న ఆ చివరి శుక్రవారమూ అంతే. రాణిగారు పట్టకారుతో బిళ్ళను సరిచేశారు. పేజీ కదలకుండా రాజుగారు వేలు ఆనించారు. వంకర పోయిందని ఆయన, లేదని ఆవిడ. ఆ తరవాత సోమలింగం గిన్నెలో నీళ్ళు పారబోశాడు.