చలికాలం పోసిన సబ్బు

వకుళ పోసిన సబ్బు మళ్ళీ చెడిపోయింది.

ఆశ్రమంలో సబ్బుల పని మొన్న వేసవిలో ఆమె చేతికొచ్చింది. కొబ్బరినూనె, ఆముదం, వేపనూనె కలిపి, కాస్టిక్ సోడా నీళ్ళు సన్నధారగా పోస్తూ తిప్పాలి. చిక్కబడ్డాక చెక్క అచ్చులో పోయాలి. ఆ ఎండలకి అచ్చులోని సబ్బు తనంతట తానే వేడెక్కి పొంగిపోతుందని, తడి ఇసుక మీద పెట్టి కాపాడుకునేది. ఒక్క బిళ్ళ పాడైతే ఒట్టు. చుట్టుపక్కల గూడేల తల్లులు పసిపిల్లల కోసం అడిగి మరీ పట్టుకెళ్ళేవారు.

మార్గశిరంలో కొండమీదికి మంచు దిగింది. ఇప్పుడు ఇలా తిప్పగానే అలా చిక్కబడుతోంది. చెయ్యి తిరిగిందని మురిసిపోయి అచ్చులో పోసేసేది వకుళ. తీరా మర్నాడు కోస్తే బిళ్ళ పొడిపొడిగా రాలేది, ఓ పక్క నూనె కారేది. ముట్టుకుంటే వేళ్ళు చురుక్కుమనేవి. అలాంటిది పసివాళ్ళ ఒంటికెలా ఇస్తారు?

ఆ పొద్దున చెడిన అచ్చు ముందు కూర్చుని ఉండగా కబురొచ్చింది. అక్క అనసూయ తొలి బస్సుకి వచ్చిందట, ముందు వసారాలో కూర్చుందట, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోవాలట.

తల్లి పోయాక వకుళని చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. ఆశ్రమానికి వెళ్తానంటే గుమ్మానికి అడ్డం నిలబడి ఏడ్చిందీ ఆ అక్కే. పనిలో ఉన్నాను, కుదరదని చెప్పమని కబురు తెచ్చిన మనిషిని పంపేసి, వకుళ మళ్ళీ తలొంచుకుంది.

కాసేపటికి తాయారమ్మగారు వచ్చారు. జపం నేర్పిందీ, సబ్బు నేర్పిందీ ఆవిడే. ఒంటిమీద పాత శాలువా, చేతిలో పొగలు కక్కే వేడినీళ్ళ చెంబు. పీట లాక్కుని కూర్చుని సబ్బు వంక చూశారే గాని, అక్క ఊసెత్తలేదు. వకుళే ఎత్తింది.

"అక్క వచ్చిందన్నా నా మనసు కదల్లేదు అమ్మగారూ. మునుపైతే పరిగెత్తేదాన్ని. ఇన్నాళ్ళకి గట్టిపడింది."

అని, మెచ్చుకుంటారేమోనని ఆవిడ ముఖంలోకి చూసింది.

ఆవిడ మెచ్చుకోలేదు, మందలించలేదు. చెడిన బిళ్ళలో ఓ ముక్కని చెంచాతో తీసి చిన్న గిన్నెలో వేశారు. గిన్నెని చెంబు మీద పెట్టారు.

"చూస్తూ ఉండు."

అడుగున ఆవిరి తగిలింది. గడ్డగా ఉన్న ముక్క మెల్లగా ఒరిగి, జారి, నూనె నూనెగా, నీళ్ళు నీళ్ళుగా విడిపోయింది.

"నిన్న చిక్కబడిందిగా అమ్మగారూ, నా కళ్ళతో నేను చూశాను."

"చలికి పేరుకుందమ్మాయ్. సబ్బు అవ్వలేదు." తాయారమ్మగారు నవ్వారు. "పైకి రెండూ ఒకలాగే ఉంటాయి."

చెడినదంతా మళ్ళీ పెద్ద గిన్నెకెత్తించారు. సన్నని సెగ మీద పెట్టి ఇద్దరూ వంతులేసుకుని తిప్పారు. ఈసారి చాలాసేపటికిగాని చిక్కబడలేదు. వకుళ రెక్కలు పడిపోతున్నాయంటే, పెళ్ళికూతురిలా సుకుమారం పోతున్నావని ఆవిడ వెక్కిరించారు.

అచ్చులో పోశాక వకుళ అలవాటుగా తడి ఇసుక వైపు వెళ్ళబోయింది. ఆవిడ ఆపి, తన శాలువా తీసి అచ్చు చుట్టూ కప్పారు. బాలింత పక్కన బిడ్డకి కప్పినట్టు అంచులు కిందికి దోపారు.

"మీకు చలేస్తుంది అమ్మగారూ."

"నాకు వేస్తే వేసింది. దీనికి వెయ్యకూడదు."

అంటూనే చల్లారిన నీళ్ళు పారబోసి, చెంబు చంకన పెట్టుకుని, చేతులు రుద్దుకుంటూ వెళ్ళిపోయారు.

వకుళ చన్నీళ్ళతో చేతులు కడుక్కుంది. వచ్చి శాలువా మీద చెయ్యి పెట్టింది. లోపల్నుంచి వెచ్చగా తగిలింది. ఆ చెయ్యి అలా ఉంచే కిటికీలోంచి చూసింది.

వసారా మెట్టు మీద అనసూయ ముడుచుకుని కూర్చుంది. సముద్రం ఒడ్డు మనిషి, ఇక్కడి చలి ఎరగదు. నేతచీర కొంగే చెవుల మీదుగా చుట్టుకుంది. ఒడిలో ఏదో మూట.

వకుళ తన కంబళి తీసుకుని వెళ్ళి, వెనక నుంచి అక్క భుజాల మీద కప్పింది.

అనసూయ తిరిగి చూసింది. ఎందుకు రాలేదని అడగలేదు. చెల్లెలి చేతులు రెండూ పట్టుకుని ఉలిక్కిపడింది.

"చేతులేంటే ఇంత చల్లగా ఉన్నాయి?"

మూట పక్కన పెట్టి, కంబళి విప్పి, ఆ చేతుల్ని లోపలికి లాక్కుని, ఒళ్ళో పెట్టుకుంది.

వకుళ అక్క పక్కనే మెట్టు మీద కూర్చుంది.

కింద మలుపులో మధ్యాహ్నం బస్సు హారన్ కొట్టింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.