వెంకాయమ్మ జాడీ, బుద్ధాలవారి డేరా

తెలివి అనేది సంతలో దొరికే సరుకైతే, బుద్ధాలవాళ్ళు అమ్మేవాళ్ళే గానీ కొనేవాళ్ళు కాదు. ఈ మాట ఊరు అన్నది కాదు, వాళ్ళకి వాళ్ళే అనుకున్నది. పెద్దవాడు గరటయ్య, చిన్నవాడు తిరపతయ్య, పెద్దవాడి పెళ్ళాం నాంచారమ్మ. ముగ్గురూ ముగ్గురే. "లోకంలో సగం చెడుపు సొంతబుర్ర వాడబట్టే వస్తుంది. మేం చెప్పిన పని చెప్పినట్టు చేస్తాం" అని గరటయ్య మీసం దువ్వేవాడు. బుర్ర వాడరన్న సంగతి మాత్రం నిజం. అది పుట్టినప్పుడు ఎట్లా ఉందో ఇప్పటికీ అంతే కొత్తగా ఉంది.

ఆ ఏడు నూజివీడు పక్కన ఒక మామిడితోట కౌలుకి తీసుకున్నారు. కాపు దిగేదాకా కావలి కాయాలి గనక చెట్ల మధ్య టార్పాలిన్ డేరా వేసుకుని అందులోనే కాపురం పెట్టారు. వాళ్ళ మేనత్త వెంకాయమ్మ కూడా వచ్చింది. ఆ ఇంట్లో బుర్ర వాడే మనిషి ఆవిడొక్కతే, అందుకే ఆవిడకి ఎప్పుడూ తలనొప్పి.

ఆవిడ రావడానికి కారణముంది. కిందటేడు కూతురి అత్తగారు మాణిక్యమ్మకి ఆవకాయ పంపిస్తే, ఆ మహాతల్లి ఒక బారసాల పంక్తిలో అందరూ వింటుండగా, "మా వియ్యపురాలి ఆవకాయ నెల తిరక్కుండానే బూజు పట్టిందమ్మా, తడిచెయ్యి పెట్టినట్టుంది" అంది. అప్పట్నుంచీ ఆ మాట వెంకాయమ్మ గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. అందుకని ఈసారి చెట్టు దగ్గరే నిలబడి కాయ కోయించి, ముక్క కొట్టించి, పెద్ద జాడీ నిండా ఆవకాయ పెట్టింది. మూడోనాడు తిరగ కలిపి, నూనె పైకి తేలేలా పోసి, మూత పెట్టి, మూత మీద గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ కాగితం వేసి పురికొసతో బిగించి కట్టింది. ఇక పంపడమే తరువాయి.

మధ్యాహ్నం ఆటో తేవడానికి ఊళ్ళోకి బయల్దేరుతూ ఆకాశం చూసింది. మబ్బు కమ్ముకొస్తోంది.

"ఒరే, నా పరువంతా ఆ జాడీలో ఉంది. దానికి చుక్క నీళ్ళు తగలకూడదు. నేనొచ్చేదాకా డేరాలోంచి అడుగు బయట పెట్టొద్దు. పైన చిల్లుంది, కారితే కింద గిన్నె పెట్టండి. నిండితే పారబొయ్యండి. తెలిసిందా?"

"మాకా చెబుతున్నావత్తా?" అన్నాడు గరటయ్య నొచ్చుకుని.

ఆవిడ అటు వెళ్ళిందో లేదో ఇటు వాన దిగింది. చిల్లులోంచి టపటపా కారడం మొదలైంది. నాంచారమ్మ గిన్నె పెట్టింది. కాసేపటికి నిండింది. నిండితే పారబొయ్యాలి, అడుగు బయట పెట్టకూడదు. ఇంకేముంది, డేరాలోనే పారబోశారు. మళ్ళీ నిండింది, మళ్ళీ పారబోశారు.

"ఈ గిన్నెకి నిండే జబ్బుంది వదినా" అని తిరపతయ్య దాన్ని బోర్లించాడు. అంతే, నిండడం ఆగిపోయింది. ముగ్గురూ ఒకరినొకరు మెచ్చుకున్నారు. చుక్కలు గిన్నె వీపు మీద పడి నలుమూలలా చిందుతుంటే, నాంచారమ్మ జాడీని నులకమంచం ఎక్కించి, దాన్ని కావలించుకుని కూర్చుంది.

"అన్నయ్యా, అత్త పరువు లోపలుంది గదా, అంత బిగించి కడితే దానికి ఊపిరాడుద్దా?" అని దిగులుపడ్డాడు తిరపతయ్య.

"ఆడకపోతే దాని ఖర్మ. మూత తియ్యమని చెప్పలా, మనం తియ్యం" అన్నాడు గరటయ్య. జాడీ అదృష్టం బాగుంది.

అంతలో పక్కతోట కావలి మస్తాను గోనెసంచి నెత్తిన కప్పుకుని పరుగెత్తుతూ, "డేరా చుట్టూ కాలవ తీశారా గరటయ్యా? తియ్యకపోతే మునుగుతారు!" అని అరిచి వెళ్ళాడు. పెద్దమనిషి చెప్పాక తియ్యకపోతే ఎట్లా? బయటికి పోకూడదు గనక, అన్నదమ్ములిద్దరూ పలుగూ పారా పుచ్చుకుని లోపలే అంచు వెంబడి చుట్టూ కాలవ తవ్వారు. చక్కటి కాలవ. చూసుకుని మురిశారు. ఇంతలో తిరపతయ్య మొహం చిన్నబోయింది.

"కాలవలో చెంబెడు నీళ్ళు కూడా లేవన్నయ్యా. ఎండిపోయిన కాలవ చూస్తే నలుగురూ నవ్వరా?"

"నిజమేరా" అని గరటయ్య డేరా అంచు ఎత్తి పట్టుకున్నాడు. అంతే, తోటలో పారే వాననీళ్ళన్నీ బిలబిలా లోపలికొచ్చాయి. కాలవ నిండింది, పొంగింది, చెప్పులు తేలాయి, మంచం కోళ్ళు మునిగాయి.

"ఇప్పుడు తెలిసింది!" అన్నాడు తిరపతయ్య. "నీళ్ళు రావడానికి చిల్లుంది గానీ పోవడానికేదీ? సినిమాహాల్లో చూడలా, వచ్చే దారి వేరు, పోయే దారి వేరు." కొడవలి తీసుకుని పాత చిల్లు పక్కనే ఇంకో చిల్లు పొడిచాడు. ఇంకేముంది! రెండు దారులా నీళ్ళు లోపలికే వచ్చాయి.

"దారి చూపించినా పోవడం తెలీని నీళ్ళకి మనమేం చేస్తాం?" అన్నాడు గరటయ్య.

మంచం మీంచి నాంచారమ్మ గొంతు సవరించుకుంది. "ఏమయ్యా, నాకు తెలీక అడుగుతాను. కారేది ఏది?"

"డేరా."

"మరి డేరానే లేకపోతే కారడానికేముంటుంది?"

గరటయ్య పెళ్ళాం వంక చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో నువ్వు" అన్నాడు. అంతే, గుంజలు పీకి, డేరా దించి, మడతపెట్టి మంచం మీద వేసుకున్నారు. కారడం ఠక్కున ఆగింది. వాన మాత్రం కుండపోతగా పడుతోంది. అయితే డేరా కారుతుందని చెప్పింది గానీ వాన కురుస్తుందని అత్త చెప్పలేదు. డేరాలోంచి అడుగు బయట పెట్టొద్దంది గనక ముగ్గురూ దాని మడతల్లో కాళ్ళు దూర్చుకుని కూర్చున్నారు. జాడీ మీద పడ్డ ప్రతి చుక్కనీ తిరపతయ్య తడితువ్వాలుతో తుడుస్తూనే ఉన్నాడు.

వాన వెలిశాక వెంకాయమ్మ ఆటోలో వచ్చింది. దారిలో అది రెండుచోట్ల దిగబడితే తనూ దిగి తోసింది. డేరా ఉండాల్సిన చోట చెరువు, చెరువు మధ్య మంచం, మంచం మీద ముగ్గురు. ఆవిడ నీళ్ళలో పడి జాడీ దగ్గరికి పరుగెత్తింది. ఆటోవాడి దగ్గర పొడిగుడ్డ అడిగి చేతులు తుడుచుకుని, కట్లు విప్పి మూత తీసింది.

లోపల ఎర్రటి నూనె పైకి తేలి నిగనిగలాడుతోంది. ఒక్క చుక్క దిగలేదు.

"దేవుడున్నాడురా" అని వెంకాయమ్మ భోరుమని ఏడ్చేసింది.

"మేమున్నాం గదత్తా" అన్నాడు గరటయ్య.

ఆ సంతోషంలో ఆవిడ బుర్ర వాడడం కాసేపు మరిచిపోయింది. కట్లు మళ్ళీ బిగించి, "ఈ బురదచీరతో వియ్యాలవారింటికి నేనెట్లా పోను? మీరే పోయి ఇచ్చిరండి. జాడీ బురదబురదగా ఉంది. శుభ్రంగా కడిగి మరీ ఇవ్వండి. ఆవిడ కంట ఒక్క మరక పడకూడదు, తెలిసిందా?" అంది.

పొద్దుగూకే వేళకి ముగ్గురూ నవ్వుకుంటూ తిరిగొచ్చారు.

"ఇచ్చారా? కడిగారా?" అంది వెంకాయమ్మ ఆత్రంగా.

"కడగడమంటే కడగడమా!" అన్నాడు గరటయ్య. "వాళ్ళ కొళాయి కిందే పెట్టాం. బయట బురద ఇట్టే పోయింది. మూత తీస్తే లోపలత్తా, ఎర్రగా, జిడ్డుగా, అబ్బో! సబ్బుపొడి వేసి రుద్దితే గానీ తెల్లబడలేదు."

వెంకాయమ్మ మంచం పట్టె పట్టుకుంది. "ముక్కలు... ముక్కలేం చేశార్రా?"

"పారేస్తామా? ఒక్కో ముక్కా విడివిడిగా కడిగాడు తమ్ముడు. మరి నీళ్ళు తగలకూడదంటివి గదా, అందుకని పొడిగుడ్డతో తుడిచి వాళ్ళ డాబా మీద ఆరబెట్టాం. ఆరాక జాడీలో సర్దుకోమని మాణిక్యమ్మగారికి చెప్పొచ్చాం."

"ఆవిడేమంది?" అంది వెంకాయమ్మ.

"ఏమంటుంది? మెట్ల మీద కూలబడి అట్లా చూస్తూ ఉండిపోయింది. అంత శుభ్రం పుట్టి బుద్ధెరిగి చూసుండదు" అన్నాడు తిరపతయ్య.

"పాపం, ఆవిడ వంటింట్లో కూడా ఎర్రెర్రగా జాడీలు బారు తీరి ఉన్నాయత్తా" అంది నాంచారమ్మ జాలిగా. "ఆవిడ కంట ఒక్క మరక పడకూడదంటివి గదా, ఆవిడ మెట్ల మీంచి లేచేలోగా అవన్నీ కూడా కడిగేసి బోర్లించి వచ్చాం."