కోడి కాలి ముడి

మా గురువు బంగారయ్య గారు ఎవరు ఏ ప్రశ్న అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కారు. వృత్తికి ఆయన దర్జీ. ద్వారపూడి బట్టల బజారు వెనక సందులో ఆయన కొట్టు. సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పేశాక, ఆ కొట్టు అరుగు మీదే మాకు నాలుగు మంచి మాటలు చెప్పేవారు. ప్రశ్న విన్నాక చేతిలో ఉన్న కాజా కుట్టడం పూర్తిచేసి, దారం పంటితో తెంపి, అడిగినవాణ్ణి ఎక్కడికో ఒకచోటికి పంపేవారు. ఒకణ్ణి రేవుకి పంపారు, ఒకణ్ణి కోర్టుకి పంపారు, ఒకసారి నన్ను పశువుల ఆసుపత్రికి పంపారు. వెళ్ళొచ్చినవాడు ఆ ప్రశ్న మళ్ళీ అడిగేవాడు కాదు. కొందరైతే మళ్ళీ వచ్చేవారే కాదు. అది వేరే సంగతి.

ఒక సోమవారం తాతబ్బాయి ప్రశ్న తెచ్చాడు. తాతబ్బాయికి నలభై ఆరేళ్ళు, మెయిన్ రోడ్డు మీద స్టీలు సామాన్ల కొట్టు. మాలో అందరికంటే గట్టి గొంతు అతనిదే, కాని ఆ రోజు చాలా మెల్లగా మాట్లాడాడు.

"రెండు నెలల క్రితం ఒకతను మిక్సీ కొన్నాడండి. స్కానర్ అట్ట మీద ఫోను పెట్టాడు, పచ్చటి టిక్కు చూపించాడు. 'పడిందండి' అన్నాడు. 'ఆయ్, పడింది' అన్నాను నేను కూడా. రాత్రి చూసుకుంటే నా ఖాతాలో ఏమీ పడలేదు. ఆ టిక్కు ఉత్తుత్తి టిక్కట. అలాంటి బొమ్మలు చూపించే యాపులే ఉన్నాయట."

"ఊఁ" అన్నారు గురువుగారు సూదిలో దారం ఎక్కిస్తూ.

"అప్పట్నుంచి ఎవరు టిక్కు చూపించినా నాకు ఒళ్ళు మండిపోతోందండి. మొన్న ఆదిలక్ష్మి టీచరు గారు ఇడ్లీ పాత్ర కొన్నారు. మా పిల్లలిద్దరికీ ఎక్కాలు నేర్పిన మనిషి. ఆవిడ ఫోను చూపిస్తే, నలుగురి ముందూ, 'ఇలాంటి టిక్కులు చాలా చూశాం లెండి' అనేశాను. పది నిమిషాలకి డబ్బు పడింది. నెట్‌వర్క్ లేక ఆలస్యమైందంతే. ఆవిడ పాత్ర చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఇప్పుడు నా కొట్టు ముందునుంచి నడవడం మానేసి, రోడ్డు దాటి అవతలి పక్కనుంచి వెళుతున్నారండి. మధ్యలో మురిక్కాలవ ఉన్నా సరే."

తాతబ్బాయి కళ్ళు తుడుచుకున్నాడు. "నమ్మితే సొమ్ము పోతోంది, నమ్మకపోతే మనుషులు పోతున్నారు. ఈ రెంటిలో ఏది ధర్మమండీ?"

మేమందరం ముందుకు వంగి కూర్చున్నాం. ఇంత మంచి ప్రశ్నకి ఈసారైనా ఆయన నోరు తెరిచి ఏదో చెబుతారనుకున్నాం. ఆయన దారం తెంపారు.

"ఎల్లుండి బుధవారం. కాలవ గట్టు సంతలో నూకరత్నం అని ఒకావిడ నాటుకోళ్ళు అమ్ముతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆవిడ పక్కన కూర్చో. నేను పంపానని చెప్పు."

"కోళ్ళ దగ్గరాండీ?" అన్నాడు తాతబ్బాయి.

"ముక్కు మీద రుమాలు కట్టుకో" అని గురువుగారు లైటు ఆర్పేశారు.

తర్వాత జరిగిందంతా తాతబ్బాయి మాకు చెప్పిందే. అతను దేన్నయినా కొంచెం పెంచి చెప్పే మనిషి. అయితే ఈ విషయంలో ఉల్లిపాయలు అమ్మే గంగరాజు కూడా అక్కడే ఉన్నాడు, అతనూ ఇలాగే చెప్పాడు.

నూకరత్నానికి యాభై దాటాయి. సంతలో ఒక పెద్ద నల్లగొడుగు కింద ముక్కాలి పీట వేసుకుని కూర్చుంటుంది. చుట్టూ ముప్ఫై కోళ్ళు. ఒక్కొక్క కోడి కాలికీ పురికొస, ఆ పురికొసలన్నీ పీట కింద పాతిన మేకుకి ముడేసి ఉంటాయి. మెడలో ప్లాస్టిక్ కవరులో ఫోను వేలాడుతుంది. చదువు రాదు, అంకెలు మాత్రం వచ్చు. తాతబ్బాయి వెళ్ళేసరికి ఆవిడ దిగులుగా ఉంది. డబ్బు పడగానే ఎంత పడిందో పైకి చెప్పే సౌండ్ బాక్సు పొద్దున్నుంచీ మూగబోయిందట.

"గురువుగారు పంపారా? కూర్చో తమ్ముడూ. ఎలక్ట్రిక్ సామాన్లు కూడా అమ్ముతావు కదా, ఇదేంటో చూడు" అని ఆ డబ్బా అతని ఒళ్ళో పడేసింది.

మిక్సీలు అమ్మినంత మాత్రాన డబ్బాలు బాగుచెయ్యడం వస్తుందా? కాని రాదని చెప్పడానికి తాతబ్బాయికి మొహమాటం. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి వెనక మూత ఊడదీశాడు.

బేరాలు మొదలయ్యాయి. ముందుగా సర్పంచి గారి బావమరిది వచ్చాడు. పెట్టను ఎంచుకుని, ఫోనులో టిక్కు చూపించి, చెయ్యి చాపాడు. నూకరత్నం ఆ టిక్కు వైపు చూడనేలేదు. "పులుసా బాబూ, వేపుడా?" అంది.

"పులుసు."

"పులుసైతే చెప్తాను వినండి. ముందు గసగసాలు నానబెట్టించండి..." అని మొదలుపెట్టి, మధ్యలో మెడలో ఫోను ఒక్కసారి చూసుకుని, మళ్ళీ ఆయన మొహంలోకి చూస్తూ ధనియాల దగ్గరికి వచ్చింది. డబ్బు ఇంకా పడలేదు. ఆయనగారికి కోపం వచ్చింది. "ఏంటి నూకరత్నం, నన్ను నమ్మవా? నేనెవరో తెలీదా?"

"మీరెవరో నాకు తెలీకపోవడమేంటండీ! ఈ ఫోనుకే ఇంకా తెలిసినట్టు లేదు. ఎండలో నిలబడకండి, ఇలా గొడుగు కిందకి రండి. మజ్జిగ తాగండి. ఇంతకీ మీ అత్తగారికి నడుం నెప్పి ఎలా ఉంది?"

ఆయన మజ్జిగ తాగాడు. అత్తగారి నడుం గురించి మాట్లాడాడు. ఎంత మాట్లాడాడంటే, ఫోను టింగుమనడం ఆయన వినలేదు. నూకరత్నం వంగి పీట కింద ముడి విప్పి, పురికొస ఆయన చేతికిచ్చింది. ఆయన నవ్వుతూ వెళ్ళిపోయాడు.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తాతబ్బాయి ఇదే చూశాడు. లారీ డ్రైవరుకి గోంగూర కోడి, పెళ్ళివారికి మసాలా పాళ్ళు, ఒక బాలింతరాలి తల్లికి మిరియాల చారు. ఆవిడ సొంత మరిది వచ్చినా అంతే. ముందు మాటలు, తన ఫోనులో చూపు, ఆఖరికి ముడి. మరిదికి మాత్రం వంట చెప్పలేదు. ఇంటి పన్ను కట్టనందుకు చీవాట్లు పెట్టింది. డబ్బు పడేదాకా పెట్టింది.

రెండు గంటలప్పుడు ఒకతను బైకు మీద వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్ళద్దాలు, చేతికి పళ్ళెమంత గడియారం. ఇంజను ఆపకుండానే రెండు ఎర్రటి డేగ పుంజుల్ని చూపించాడు. బేరం ఆడలేదు.

"రెండు వేల నాలుగొందలా? సరే సరే, త్వరగా ఇవ్వమ్మా. చుట్టాలొచ్చారు."

"బండి ఆపండి బాబూ, పెట్రోలు కాలిపోద్ది. ఎంతమంది వచ్చారు?"

"ఆరుగురు."

"ఆరుగురికి రెండు పుంజులెందుకు? ఒకటి చాలు. రెండోది దండగ."

తన సరుకు తానే వద్దనే మనిషిని అతను అంతవరకూ చూసినట్టు లేదు. "రెండూ కావాలి" అని అట్ట మీద ఫోను పెట్టాడు, పచ్చటి టిక్కు చూపించాడు. ఆవిడ మామూలుగా "పులుసా, వేపుడా?" అంది. సరిగ్గా అప్పుడే ఒక ఆడగొంతు ఖంగుమంది: "రెండు వేల నాలుగు వందల రూపాయలు అందాయి."

ఆ సమయానికి తాతబ్బాయి ఒక చేతిలో సౌండ్ బాక్సు, ఇంకో చేతిలో దాని బ్యాటరీ పట్టుకుని ఉన్నాడు. మూత మోకాలి మీద ఉంది. స్క్రూలు నోట్లో ఉన్నాయి. ఆ గొంతు వినగానే స్క్రూలు ఉమ్మేసి, లేచి నిలబడ్డాడు.

"పలికింది! అక్కా, బాగుచేసేశాను! బ్యాటరీ లేకుండానే పలికింది!"

గంగరాజు ఉల్లిపాయల తక్కెడ కింద పెట్టేశాడు. కొనుక్కునేవాళ్ళు కొనడం ఆపేశారు. నూకరత్నం తాతబ్బాయి చేతిలోని డబ్బా వైపు చూసింది, బ్యాటరీ వైపు చూసింది, తర్వాత బైకు అతని చొక్కా జేబు వైపు చూసింది.

"నీ డబ్బా కాదు తమ్ముడూ. ఈ బాబు జేబు పలికింది."

తాతబ్బాయికి అప్పుడు అర్థమైంది. బైకు అతని జేబులో ఇంకో ఫోను ఉంది, ఆ దొంగ గొంతు అందులోంచి వచ్చింది. రెండు నెలల కోపం ఒక్కసారిగా తలకెక్కింది. కళ్ళద్దాల వెనకున్న మొహం పరీక్షగా చూశాడు, మిక్సీ పట్టుకెళ్ళినవాడే అయ్యుంటే బాగుండునని. ఎంత చూసినా వీడు వాడు కాదు. అయినా సరే, కాలరు పట్టుకుందామని అడుగు ముందుకేశాడు. నూకరత్నం తాతబ్బాయి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"కూర్చో. నా కోళ్ళు నా మేకుకే ఉన్నాయి. ఏం పోయిందని లేస్తావు?" అని, బైకు అతని వైపు తిరిగి అదే నవ్వు మొహంతో అంది. "చెప్పండి బాబూ, పులుసా, వేపుడా?"

"వే... వేపుడు."

"వేపుడైతే ముందు పసుపు, ఉప్పు పట్టించి..."

ఆవిడ చెబుతూనే ఉంది. మధ్యమధ్యలో తన ఫోను చూసుకుని, "ఇంకా పడలేదు బాబూ" అంటోంది. జనం మూగారు. అల్లం ముందా వెల్లుల్లి ముందా అన్నదాని మీద ఇద్దరాడవాళ్ళు వాదన పెట్టుకున్నారు. అతనికి చెమటలు కారుతున్నాయి. కరివేపాకు దగ్గరికి వచ్చేసరికి ఇక తట్టుకోలేక, వంగి ఒక పుంజుని పట్టుకుని లాగాడు. పురికొస బిగిసింది. పుంజు ఎగిరి అతని మొహం మీద రెక్కలు కొట్టింది. కళ్ళద్దాలు ఎగిరి ఉల్లిపాయల్లో పడ్డాయి. ఆ పెనుగులాటలో జేబులో ఫోను మళ్ళీ నొక్కుకుపోయినట్టుంది: "రెండు వేల నాలుగు వందల రూపాయలు అందాయి. రెండు వేల నాలుగు వందల రూపాయలు అందాయి."

"నెట్‌వర్క్... నెట్‌వర్క్ ప్రాబ్లం. ఇంటికెళ్ళి క్యాష్ తెస్తాను" అని బైకెక్కాడు.

"అలాగే బాబూ, మంచినీళ్ళు తాగి వెళ్ళండి" అంది నూకరత్నం, ఎకసెక్కం లేకుండా. అతను తాగలేదు. బండి పది గజాలు వెళ్ళగానే కళ్ళద్దాలు లేని ఆ మొహాన్ని గుడ్లమ్మే దుర్గాంబ గుర్తుపట్టింది. "పోయిన బుధవారం నా దగ్గర ఐదు ట్రేలు పట్టుకెళ్ళింది వీడే!" అని బైకు ముందుకొచ్చి అడ్డంగా నిలబడింది. దుర్గాంబ అడ్డంగా నిలబడితే ఆ దారిలో ఎడ్లబండి కూడా పోలేదు. సంత గేటు దగ్గరి కానిస్టేబులు వచ్చి తాళం తీసుకున్నాడు. సాయంత్రానికి ఫిర్యాదు రాయించినవాళ్ళు ఏడుగురు తేలారు.

సంత ఎత్తేసే వేళ తాతబ్బాయి కూడా ఒక పెట్టను కొన్నాడు. డబ్బు పంపి చెయ్యి చాపాడు. నూకరత్నం మేకు వైపు వంగలేదు. మెడలో ఫోను ఎత్తి చూసుకుంది. తాతబ్బాయికి చురుక్కుమంది. పొద్దున్నుంచీ పక్కనే కూర్చున్నవాణ్ణి, నన్నూనా, అనుకున్నాడు. ఆలోపే ఆవిడ, "మీ ఇంటావిడ కారం తింటుందా తమ్ముడూ?" అని అడిగింది. పెళ్ళైన పాతికేళ్ళలో ఆ మాట తనను ఎవరూ అడగలేదని అతనికి తోచింది. తింటుందో తినదో తలచుకుని చెప్పేలోపల ముడి ఊడిపోయి, పురికొస అతని చేతిలో ఉంది. ఆ చురుక్కుమన్నది ఎప్పుడు పోయిందో అతనికి తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే తాతబ్బాయి ఆదిలక్ష్మి టీచరు గారింటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి క్షమించమన్నాడు. ఆవిడ వాకిలి ఊడవడం ఆపకుండా, "ఆ రోజు కుర్చీ వేసి రెండు నిమిషాలు కూర్చోమంటే కూర్చునేదాన్ని కదయ్యా" అంది. ఊడవడం అయ్యాక కాఫీ ఇచ్చింది. పంచదార వెయ్యలేదు. మరిచిపోయిందో, కావాలనే చేసిందో అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

ఆ సాయంత్రం అరుగు మీద ఇదంతా చెప్పి, తాతబ్బాయి చేతులు కట్టుకున్నాడు. గురువుగారు చొక్కాకి గుండీ కుడుతూ విన్నారు. పుంజు ఎగిరిన చోట మాత్రం సూది ఆపి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు.

"కాని గురువుగారూ, నాకొక ఇబ్బందండి" అన్నాడు తాతబ్బాయి. "ఆవిడంటే కోళ్ళమ్ముకుంటుంది కాబట్టి పులుసు గురించీ వేపుడు గురించీ మాట్లాడుతుంది. నేనమ్మేది స్టీలు గిన్నెలు. డబ్బు పడేదాకా మనిషితో నేనేం మాట్లాడనండీ?"

బంగారయ్య గారు దారం తెంపారు.

"ఇరవయ్యేళ్ళుగా గిన్నెలు అమ్ముతున్నావు కదా తాతబ్బాయ్. పట్టుకెళ్ళినవాళ్ళు అందులో ఏం వండుకుంటున్నారో ఎప్పుడైనా అడిగావా?"