అంటుకోని మంటను ముట్టుకున్న రాజు

ఒకానొక రాజ్యంలో అనే గదా కథ మొదలెట్టాలి? సరే, అలాగే మొదలెడతాను. ఒకానొక రాజ్యంలో ఉద్దండరాయలనే మహారాజు ఉండేవాడు. ఆయన చెడ్డవాడని నేననను. కాకపోతే కంటికి కనబడనిదేదీ ఆయన లెక్కలోకి రాదు. చప్పుడు కావాలి, ఆర్భాటం కావాలి, జనం నోళ్లు వెళ్లబెట్టి చూడాలి.

ఆ రాజ్యంలో ఇళ్లన్నీ తాటాకు ఇళ్లే. వైశాఖంలో పడమటి గాలి తిరిగిందంటే చాలు, ఎక్కడో ఒక పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరేది, వీధికి వీధి బూడిదయ్యేది. అందుకని రాజుగారు అగ్నిదళం పెట్టారు. ఆహా, ఏం దళమండీ అది! నాలుగు ఏనుగులు, ఎనిమిది నగారాలు, ఇత్తడి బిందెలు మోసే నలభై మంది. మంట ఆర్పినప్పుడల్లా వెండి కంకణం. మంట ఎంత ఎత్తు లేస్తే కంకణం అంత బరువు. ఇంకేముంది, దళంవాళ్లు పరుగెత్తడం మానేసి, నగారాలు వాయించుకుంటూ నింపాదిగా నడవడం నేర్చుకున్నారు. వాళ్లూ మనుషులే గదా!

ఆ దళానికి పెద్ద సింగన్న. చేతికి మోచేతి దాకా కంకణాలే. కిందటేడు నేతగాళ్ల వీధి తగలబడినప్పుడు గౌరమ్మ అనే ముసలావిడ ఇల్లూ మగ్గమూ పోగొట్టుకుని బూడిద ముందు కూర్చుంది. "అన్ని కంకణాలున్నాయి గదా నాయనా, ఒక్కటైనా నా కొంప కాలకముందు వచ్చిందా?" అని అడిగింది. ఆ మాటకు సింగన్న తలెత్తలేకపోయాడు. ఇంటికెళ్లి కంకణాలన్నీ మూటగట్టి అటకెక్కించాడు. సిగ్గున్నవాడు.

మళ్లీ వేసవి వచ్చింది. నేతగాళ్ల వీధి అప్పుడే కొత్త తాటాకు కప్పుకుంది. సింగన్నకు నిద్ర పట్టలేదు. కొలువుకు వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, ఈసారి వడగాలి రాకముందే కొంత సొమ్ము ఇప్పించండి. కుమ్మర్లు వీధి మొగల్లో నీళ్ల బానలు పెడతారు. ఇళ్లు కప్పేవాళ్లు చూరులకు బురద మెత్తుతారు. తాడిచెట్లెక్కేవాళ్లు అంటుకున్న కప్పును లాగిపారేసే కొక్కేల కర్రలు తెస్తారు. పొద్దు నడినెత్తికి రాకముందే పొయ్యిలు ఆర్పేయమని టముకు వేసేవాడు చాటుతాడు. ఎవరికి వాళ్లుగా ఇస్తే లాభం లేదు. అందరికీ కలిపి ఇవ్వాలి, అందరూ కలిసి చెయ్యాలి."

"ఏ మంట ఆర్పినందుకు?" అన్నాడు రాజు.

"ఆర్పినందుకు కాదు మహాప్రభూ, అంటుకోకుండా చూసినందుకు."

కొలువంతా గొల్లుమంది. రాజుగారైతే పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టుంది నీ వరస! బురద పూసినా పూయకున్నా పాక పాకేనయ్యా. సరే, ఆ అంటుకోని మంట ఎలా ఉంటుందో నాకు చూపించు. చూపిస్తే అడిగినంతా ఇస్తాను. చూపించలేకపోయావో, రేపట్నుంచి మా వంటశాలలో పొయ్యి ఊదుకుంటూ కూర్చో."

"చిత్తం. మూడు రోజులు గడువివ్వండి," అన్నాడు సింగన్న.

ఒప్పుకున్నాడు గానీ, బయటికొచ్చాక అసలు కష్టం తెలిసింది. కుమ్మర్లు "నీళ్లు పోయడం మా పని కాద"న్నారు. కప్పువేసేవాళ్లు "బురద కలపడం మా పని కాద"న్నారు. టముకువాడైతే రాజాజ్ఞ లేనిదే కర్ర ఎత్తనన్నాడు. అప్పుడు గౌరమ్మ కొంగు బిగించి అందరి మధ్యకూ వచ్చింది.

"ఓరి మీ ఇల్లు బంగారం గానూ! నిప్పురవ్వ వచ్చేప్పుడు ఇది కుమ్మరి ఇల్లా నేత ఇల్లా అని అడిగొస్తుందటరా? కిందటేడు నా కొంప కాలింది. ఈ ఏడు మీది కాలితే అప్పుడు కలుస్తారా?"

ఆ మధ్యాహ్నమే అందరూ పనిలోకి దిగారు.

నాలుగోనాటికి ఎండిపోయిన ఏటి ఇసుకలో రెండు వరుసల పాకలు లేచాయి, వరుసకు పదేసి. ఉత్తి తాటాకు కప్పిన మొదటి వరుస దగ్గర ఏనుగులు, నగారాలు, దళమంతా నిలబడ్డారు. చూరులకు బురద మెత్తిన రెండో వరుస దగ్గర బానలు, కొక్కేలు, గౌరమ్మ, ఆవిడ వెనక చేతులకు బురదంటిన జనం. రాజుగారు తన శ్రీగంధపు పల్లకీలో దిగాడు. పన్నెండేళ్లు చెక్కిన పల్లకీ అది, రాణిగారినైనా ఎక్కనిచ్చేవాడు కాదు!

సింగన్న వంగి దండం పెట్టాడు. "ప్రభూ, ఈ రెండు వరుసలకూ నిప్పు పెట్టబోతున్నాం. లోపల మనకు ప్రాణమైనదేదో లేకపోతే అది ఇల్లెలా అవుతుంది? ఏదో ఒక పాకలో తమ పల్లకీ పెట్టించండి. ఏ వరుసలోనో తమరే సెలవియ్యండి. రెండూ ఒకటే గదా!"

రాజు ఏనుగుల వంక చూశాడు. బంగారు తొడుగుల దంతాలు తళతళలాడుతున్నాయి. బురద పూసిన పాకల వంక చూశాడు. గాలి చెవుల్లో హోరుమంటోంది. చెయ్యి ఏనుగుల వైపు లేచింది, మధ్యలో ఆగింది, చివరికి మెల్లగా బురద పాకల వైపు తిరిగింది.

"చిత్తం," అన్నాడు సింగన్న. "తీర్పు తమరే చెప్పేశారు. ఇక నిప్పు పెట్టక్కర్లేదు."

రాజుగారి ముఖం కందగడ్డయింది. "పెట్టు! రెండింటికీ పెట్టు!"

పల్లకీని బురద వరుసలో అయిదో పాకలో ఉంచారు. ముందు మొదటి వరుసకు నిప్పు పెట్టారు. అబ్బ, ఏం చెప్పమంటారు! నగారా మీద మొదటి దెబ్బ పడేలోగా మూడు పాకలు భగ్గుమన్నాయి. రెండో దెబ్బకు పదీ మండుతున్నాయి. మంట తాడిచెట్టంత లేచి గాలికి వంగి గర్జించింది. ఏనుగులు ఘీంకరించి ఏటి దిగువకు పరుగో పరుగు. అన్నేళ్లు కంకణాలిచ్చిన రాజు మంటను ఇంత దగ్గర్నుంచి ఎన్నడూ చూడలేదు. బూడిద వచ్చి కిరీటం మీద పడుతున్నా తుడుచుకోలేదు.

తరవాత రెండో వరుస. అదే నిప్పు, అదే గాలి. మొదటి పాక కప్పు ఒక మూల అంటుకుంది. కొక్కేలు పడ్డాయి, అంటుకున్న తాటాకు ఇసుకలో పడింది, బానల్లో నీళ్లు చేతులు మారాయి. బురద చూరు మీద పడ్డ రవ్వలు నల్లబడి రాలిపోయాయి. కేకల్లేవు, నగారాల్లేవు. గౌరమ్మ ఒక్కతే "ఇటు, ఇటు పొయ్యండి" అంటోంది. కాస్త పొగ లేచింది, అంతే. చూడటానికి ఇంకేమీ మిగల్లేదు.

రాజు లేచి, ఎవర్నీ పిలవకుండా, అయిదో పాకలోకి నడిచాడు. పల్లకీ మీద చెయ్యి వేశాడు.

"ఎలా ఉంది ప్రభూ?" అన్నాడు సింగన్న గుమ్మం బయటి నుంచి.

"చల్లగా ఉందయ్యా," అన్నాడు రాజు.

"తమరు ముట్టుకున్నది అంటుకోని మంటనే. ఎంత గొప్పదైనా ఇంతకంటే కనబడదు ప్రభూ."

రాజు నవ్వడం మొదలెట్టాడు. కొలువులో నవ్విన నవ్వు కాదది, కళ్లు చెమర్చిన నవ్వు. "నా సొమ్మయ్యేసరికి నా చెయ్యే నన్ను పట్టిచ్చిందిరా సింగన్నా! ఊరికేమో ఏనుగులిచ్చి, పల్లకీకి బురద కోరుకున్నాను." అక్కడికక్కడే అడిగినంతా ఇప్పించాడు, అందరికీ కలిపి. సింగన్నకు తన మెడలోని హారం తీసి వేయబోయాడు.

"నాకొద్దు ప్రభూ. వేసవి దాటాక ఏ వీధి కాలకుండా నిలబడితే ఆ వీధికివ్వండి."

వానలు పడ్డాక రాజుగారు హారం పట్టుకుని, కాలినడకన నేతగాళ్ల వీధికి వెళ్లాడు. ఇళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వీధి మధ్యలో నిలబడి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా గుడిలో దేవుణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. గౌరమ్మ కొత్త మగ్గం ఆపి బయటికొచ్చింది.

"ఏమైంది మహారాజా? ఏం చూడటానికొచ్చారు?"

"ఏమీ కాలేదమ్మా," అన్నాడు ఉద్దండరాయలు కిరీటం తీసి చేత్తో పట్టుకుంటూ. "అదే చూడటానికొచ్చాను."