పొగడ మోసిన కబురు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో మాట్లాడేవాళ్ళకి కొదవ లేదు. చెట్టు మీద ఒకరు, పుట్ట పక్కన ఒకరు, వాగు ఒడ్డున ఒకరు, పొద్దున లేచింది మొదలు ఒకటే కబుర్లు. ఆ కబుర్లు మోసే పని ఒక దుప్పిది. దాని పేరు పొగడ.

పొగడవి సన్నని కాళ్ళు, చురుకైన చెవులు. కొండ మీద చెప్పిన మాటని పరుగున తెచ్చి వాగు దగ్గర అప్పజెప్పేది. దాంతో ఆ అడవిలో ఒక మర్యాద పుట్టింది. పొగడ ఎదురైతే ఊరికే పంపకూడదు. ఏదో ఒక కబురు చెప్పి పంపాలి. చెప్పకపోతే పొగడని చిన్నచూపు చూసినట్టు. పొగడ వద్దంటే పెద్దవాళ్ళ మాట తీసేసినట్టు. ఈ మర్యాద ఎవరు పెట్టారో నాకు తెలీదు గానీ, పెట్టినవాళ్ళు మాత్రం ఏనాడూ కబురు మోసి ఉండరు.

వాగు ఒడ్డున రేగి అనే ముళ్ళపంది కాపురం ఉండేది. దానికి ఇద్దరు పిల్లలు, ఒక మగపిల్లాడు, ఒక ఆడపిల్ల. పుట్టి ఎన్నాళ్ళో కాలేదు. ఒంటి మీద ముళ్ళు ఇంకా గట్టిపడలేదు. "బొరియలోంచి కదలకండి" అని రేగి రోజూ చెప్పేది. చిన్నది వినేది. పెద్దోడు వినేవాడు కాదు. తల్లి అటు తిరిగితే చాలు, వీడు ఇటు బయటికి వచ్చేసేవాడు. ఇదిగో, నా ముందు కూర్చుని కథ వింటున్న మన నందు లాంటివాడే అనుకోండి.

ఒకరోజు కొండ మీద నల్లటి మబ్బు దిగింది. కొండ కొమ్మున ఉండే కొండముచ్చు తాత అది చూశాడు. పొగడని కేకేసి పిలిచాడు.

"పొగడా, పైన కుండపోతగా కురుస్తోంది. ఇంకాసేపట్లో నీళ్ళు కిందికి దిగుతాయి. పోయి రేగికి మూడు మాటలు చెప్పు. వాగు పొంగబోతోంది. పిల్లల్ని తీసుకుని ఎర్రదిబ్బ ఎక్కాలి. గుహలోకి మాత్రం వెళ్ళకూడదు, వరద ముందు అందులోకే వస్తుంది. గుర్తుంటుందా?"

"ఉంటుంది తాతా" అంది పొగడ. అని పరుగెత్తింది. పరుగెత్తుతూ గొణుక్కుంది. "వాగు పొంగుతుంది, ఎర్రదిబ్బ ఎక్కాలి, గుహ వద్దు. వాగు పొంగుతుంది, ఎర్రదిబ్బ ఎక్కాలి, గుహ వద్దు."

మీరూ అంతే కదా? అంగడికి పంపితే "ఉప్పు, జీలకర్ర, అగ్గిపెట్టె" అనుకుంటూ వెళ్తారు. ఎందుకలా గొణుక్కుంటారో తెలుసా? కాసేపటి కోసం పట్టుకున్న మాట తలలో రాతి మీద చెక్కినట్టు ఉండదు. మన నుదుటి వెనకాల కంటికి కనబడనంత చిన్న కణాలు లెక్కలేనన్ని ఉంటాయి. అవి ఒకదాన్నొకటి పిలుచుకుంటూ ఆ మాటని తమ మధ్య తిప్పుకుంటూ ఉంటాయి. ఆ పిలుపు సాగినంతసేపే మాట బతికి ఉంటుంది. మనం గొణుక్కుంటే వాటికి ఆసరా. ఇంకో మాట వచ్చి మధ్యలో దూరిందంటే పాతదానికి ప్రాణం మీదికొస్తుంది.

దారిలో పొగడకి నెమలి ఎదురైంది.

"ఆగవే పొగడా, కిందికేగా?" అంది నెమలి. "మా చెల్లెలితో చెప్పు, రాలిన ఈకలు పారేయొద్దని. నేనొచ్చి ఏరుకుంటాను."

"అలాగే అక్కా" అంది పొగడ. గొణుగుడులో ఈకలు కూడా చేరాయి.

ఇంకొంచెం దూరం పోయాక అడవిపంది మామ అడ్డం వచ్చాడు. ఒళ్ళంతా బురద. మొహంలో అలక.

"మా బావమరిది దుంపలు తవ్వుకునే చోటు మార్చాడట. నాకు మాటమాత్రం చెప్పలేదు. పద్ధతేనా ఇది అని నిలదీసి అడుగు" అన్నాడు.

"అడుగుతాను మామా" అంది పొగడ. మళ్ళీ పరుగెత్తింది. "వాగు పొంగుతుంది, ఎర్ర... ఎర్ర..." అని ఆగిపోయింది. కాసేపు వెతుక్కుంటే దొరికింది. "ఎర్రదిబ్బ. గుహ వద్దు." ఇక ఎవరేం చెప్పినా వినకూడదు అనుకుంది.

అంతలో ముసలి ఉడుత అవ్వ కొమ్మ మీంచి దిగింది.

"అవ్వా, ఈసారికి వదిలెయ్యి. నా తల నిండిపోయింది" అందామని పొగడ నోరు తెరిచింది.

"నీకేమే తల్లీ" అంది ఉడుత అవ్వ. "ఈ కొండంతా చెప్పినా మోస్తావు. నీ అంత తెలివైనది మన అడవిలో ఉందా?"

పొగడకి ఆ మాట తియ్యగా తగిలింది. కాదంటే ఆ పేరు పోతుందేమో అనిపించింది. తెరిచిన నోరు మూసుకుంది.

"చెప్పవ్వా" అంది.

"మా అమ్మాయితో చెప్పు. ఉసిరికాయలు గుహ దగ్గర ఆరబెట్టాను. గుహకి పోయి తెచ్చుకోమను."

నందూ, అలా చూడకు. పొగడ కాదని ఉండాల్సిందే. మొన్న అత్తయ్య మెచ్చుకుంటూ నాలుగు పనులు చెబితే నువ్వు కాదన్నావా? కష్టంరా అది. పెద్దవాళ్ళకీ కష్టమే.

పొగడ రొప్పుతూ వాగు ఒడ్డుకి చేరింది. రేగి బొరియ ముందే ఉంది.

"రేగక్కా, వాగు పొంగబోతోంది. పిల్లల్ని తీసుకుని వెంటనే వెళ్ళిపో."

"ఎటు పోనమ్మా?" అంది రేగి.

పొగడ తలలో వెతుక్కుంది. ఈకలు ఉన్నాయి. దుంపలు ఉన్నాయి. ఉసిరికాయలు ఉన్నాయి. అన్నిటికంటే పైన గుహ ఉంది.

"గుహకి. గుహకి పొమ్మన్నాడు తాత" అంది.

పొగడ అబద్ధం ఆడలేదు. ఆ క్షణాన దాని తలలో ఉన్నది అదే.

రేగి ముందు పెద్దోణ్ణి నోట కరుచుకుని గుహకి పరుగెత్తింది. లోపల పొడిగా ఉన్న మూల చూసి దింపింది. "నాన్నా, చెల్లిని తీసుకొస్తాను. నేనొచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలకు. ఈ ఒక్కసారి నా మాట విను" అంది. వాడు తలూపాడు.

చిన్నదాన్ని పట్టుకుని రేగి తిరిగొచ్చేసరికి గుహ నోట్లోకి ఎర్రటి నీళ్ళు సుడులు తిరుగుతూ పోతున్నాయి. అడుగు పెట్టే వీలు లేదు. రేగి గొంతు చించుకుని వాడి పేరు పిలిచింది.

"కదల్లేదమ్మా" అని లోపల్నుంచి ఒకసారి వినబడింది.

మళ్ళీ పిలిచింది. ఈసారి ఏమీ వినబడలేదు.

నీళ్ళు తీశాక అడవంతా ఆ ఒడ్డున చేరింది. పొగడ ఒక పక్కన తల దించుకుని నిలబడింది.

"దానికి మనసు లేదు" అంది నెమలి.

"మనసుంటే పసిబిడ్డ సంగతి మరిచిపోతుందా?" అన్నాడు అడవిపంది.

"తాత అంత విడమరిచి చెప్పాడట. ఏం వెలగబెట్టింది?" అంది ఉడుత అవ్వ.

అక్కడే ఎలుగుబంటి పెద్దమ్మ కూర్చుని ఉంది. దానికి చీమల పుట్టలే లోకం. తినడానికని వెళ్ళి, తినడం మానేసి వాటిని చూస్తూ కూర్చునే రకం.

"తలలో ఏం జరిగిందో తల తెరిచి చూడలేం" అంది పెద్దమ్మ. "అలాంటిదే ఒకటి బయట చేసి చూద్దాం. రండి."

ఒక చదునైన బండ మీదికి చీమల్ని పిలిచింది. వాటికి రెండే నియమాలు చెప్పింది. "వెనక చీమ మీసం తాకించి ఏ వాసన చెబితే, అదే ముందు చీమకి చెప్పాలి. కొత్త వాసన వస్తే దానికీ ఒక వలయం కట్టాలి. కానీ కొత్త చీమలు రావు, ఉన్నవాళ్ళే సర్దుకోవాలి."

పెద్దమ్మ ఇప్పపువ్వు, తేనె, చేప ఒక్కొక్కటే చూపించి తీసేసింది. చీమలు మూడు వలయాలు కట్టాయి. ఎదురుగా ఏమీ లేకపోయినా ఆ వాసనలు వాటి మధ్య గిర్రున తిరుగుతూనే ఉన్నాయి. కాసేపాగి అడిగితే మూడూ చెప్పాయి.

తర్వాత జామపండు చూపించింది. ఒక్కో వలయంలోంచి కొన్ని చీమలు లేచి వెళ్ళాయి. దుంప చూపించింది. ఇంకొన్ని వెళ్ళాయి. ఉసిరికాయ చూపించేసరికి చేప వలయం పలచబడి తెగిపోయింది. అక్కడి చీమలు ఉసిరి వాసన అందుకుని అదే తిప్పడం మొదలుపెట్టాయి. అడిగితే చేప అన్న మాటే ఎత్తలేదు.

"చూశారా" అంది పెద్దమ్మ. "ఈ చీమలకి రేగి ఎవరో తెలీదు. ప్రేమా లేదు, పగా లేదు. అయినా పొగడ మరిచినట్టే మరిచాయి."

ఇప్పుడు కంప్యూటర్ల దగ్గర పనిచేసేవాళ్ళు కూడా ఇలాంటివే కడతారు. నియమాలు రాసిపెట్టి, తల ఇలాగే పట్టుకుంటుందా, ఇలాగే జారవిడుస్తుందా అని చూస్తారు. ఆ నియమాల వరసకే అల్గారిథం అని పేరు.

పెద్దమ్మ ఇంకోసారి మొదలుపెట్టింది. ఈసారి వాసనలు లోపలికి వచ్చే దారిలో ఒక గండుచీమని కాపలా పెట్టింది. "మూడు కాగానే తలుపు వేసెయ్" అంది. జామ, దుంప, ఉసిరి బయటే ఉండిపోయాయి. లోపల మూడు వలయాలూ చెక్కుచెదరలేదు.

"తలంటే మొత్తం ఇంతేనని నేననను. అందులో ఇంకా ఏముందో నాకు తెలీదు" అంది పెద్దమ్మ. "కానీ ఇదొకటి ఉంది."

నెమలి, అడవిపంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉడుత అవ్వ చతికిలబడింది. "నా ఉసిరికాయలే ఇంత పని చేశాయి" అని ఏడుపు మొదలుపెట్టింది.

"కాదవ్వా. తలుపు దగ్గర కాపలా నేనే" అంది పొగడ. "నీకు వద్దని చెప్పబోయాను. నువ్వు మెచ్చుకున్నావని తలుపు తీసేశాను."

అప్పుడు రేగి తల ఎత్తింది.

"పెద్దమ్మా, నీ చీమల వాసన పోతే మళ్ళీ చూపిస్తావు. మళ్ళీ వలయం కడతాయి. నా కొడుకుని ఎక్కణ్ణుంచి తెచ్చి చూపిస్తావు?"

పెద్దమ్మ చీమల్ని బండ మీంచి పుట్టకి పంపేసింది.

ఆ రోజుతో ఆ అడవిలో పాత మర్యాద పోయింది. కొత్తది వచ్చింది. కబురు మోసేవాళ్ళు ఎదురైతే ఎవరూ పలకరించకూడదు. నోరు మూసుకుని పక్కకి తప్పుకోవాలి. పొగడ పరుగు మానలేదు. కొండముచ్చు తాత మానొద్దన్నాడు. దారి పొడుగునా నెమళ్ళు, పందులు, ఉడుతలు మాట్లాడకుండా దారి ఇచ్చేవి.

రేగి చిన్నదాన్ని తీసుకుని ఎర్రదిబ్బ మీదికి కాపురం మార్చింది. పొగడ అటుగా పరుగెత్తినప్పుడల్లా రేగి కూడా బిడ్డని పక్కకి లాక్కుని, మాట్లాడకుండా దారి ఇచ్చేది. అది మర్యాదో, కడుపుకోతో పొగడకి ఎప్పటికీ తెలియలేదు. ఆగి అడగాలని ప్రతిసారీ అనుకునేది. కానీ నోటిలో ఎవరిదో కబురు ఉండేది. ఆగేది కాదు.

నీతి: తల పట్టుకునేది కొంచెమే. ప్రాణంతో ముడిపడ్డ మాట మోసేటప్పుడు మెప్పు కోసం ఇంకో మాటకి తలుపు తియ్యకూడదు. మోస్తున్నవాళ్ళ మీద మన బరువు పెట్టకూడదు.