ఇద్దరికీ ఒకే జత బూట్లు

అనగనగా ఒక అడవిలో పల్లేరుకాయలు తప్ప మరేమీ కాయని మైదానం ఒకటి ఉండేది. జంతువుల పిల్లలు ఫుట్‌బాల్ ఆడేది అక్కడే. మెత్తటి గడ్డి ఉన్న చోట్లన్నీ పెద్దవాళ్ళు పడుకోవడానికి ఉంచుకున్నారు మరి. పిల్లలకు మిగిలేవి ముళ్ళేగా.

అందుకని ఆట నడిపే ఎలుగుబంటి తాత ఒక కట్టుబాటు పెట్టాడు. బంతి తన్నే కాలికి బూటు లేనివాళ్ళు బరిలోకి రాకూడదు. రెండో కాలికి టేకాకు చుట్టుకున్నా సరే.

పైడి అనే కుందేలుపిల్లా, నూకాలు అనే ముంగిసపిల్లా ఒకే జట్టు. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్క జత బూట్లే. గిజిగాడు మావ ఒక్కో బూటు ఒక్కొక్కరి కాలి కొలతకు ఈతనారతో అల్లి, జారకుండా అడుగున చింతగింజలు కుట్టి ఇచ్చాడు. పైడిది కుడికాలి వాటం. నూకాలుది ఎడమకాలి వాటం. కుడి బూటు పైడి, ఎడమ బూటు నూకాలు తొడుక్కుని, మిగిలిన కాలికి ఆకు చుట్టుకునేవాళ్ళు. కుడివైపు నుంచి పైడి బంతి అందిస్తే, ఎడమవైపు నుంచి నూకాలు గోల్ కొట్టేది.

అలా కోతుల మీద గెలిచారు. అడవిపిల్లుల మీద గెలిచారు. ఇక నక్కలతో ఆట. వానలు పడేలోగా అదే ఆఖరిది.

ఆట ముందురోజు, వాగు దగ్గర ఇద్దరికీ నక్కపిల్లలు ఎదురయ్యాయి. కుంటుకుంటూ నడిచి చూపించాయి.

"ఏమే ఒంటి బూటమ్మా, రెండోది ఏ కుక్క ఎత్తుకుపోయిందే?"

నూకాలు నీళ్ళు తాగి తన దారిన తాను పోయింది. పైడికి మాత్రం చెవుల కొసల దాకా మండింది. తెల్లారి ఆటకు వెళ్తూ నెమ్మదిగా అడిగింది.

"నూకాలూ, ఈ ఒక్క ఆటకీ నీ బూటు ఇయ్యవే. ఇద్దరం నవ్వులపాలయ్యే కంటే ఒకరైనా నిండుగా కనబడదాం."

"మరి నేను?"

పైడి నేల చూపులు చూస్తూనే చెయ్యి చాపింది. నూకాలు బూటు విప్పి ఇచ్చి, గట్టు మీద కూర్చుంది.

పైడిని నాలుగు దులపాలని నాకూ ఉంది. కానీ పదిమంది నవ్విన రోజు మనం మాత్రం ఏం చేశాం? గుర్తు తెచ్చుకోండి. పాపం, దాన్ని వదిలేద్దాం.

ఆట మొదలైంది. ముంగిస బూటు కుందేలు కాలికి చాలుతుందా? వేళ్ళు నొక్కేసింది. పైడి అలవాటు కొద్దీ మూడుసార్లు బంతిని ఎడమవైపు పంపింది. మూడుసార్లూ అక్కడ ఎవరూ లేరు. నక్కలు ఒక గోల్ కొట్టేశాయి.

అన్నిటికంటే అన్యాయం ఏమిటంటే, దాని రెండు బూట్ల వంక ఒక్క నక్కా చూడలేదు. ఈసారి దాని చెవుల్ని చూసి నవ్వాయి.

పైడి టక్కున ఆగింది. బంతి వదిలేసి గట్టు దగ్గరికి పరుగెత్తింది. ఎడమ బూటు ఊడబెరికి నూకాలు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"కాలు ఇలా పెట్టు."

"నీ కాలికి ఆకైనా లేదు కదే."

"చుట్టే తీరిక లేదు."

"వాళ్ళు నవ్వుతారు పైడీ."

"నాకు చెవులున్నంత కాలం నవ్వుతారు. పద."

తన చేత్తోనే నారముడి బిగించింది. ఎలుగుబంటి తాత నూకాలు కాలు చూసి, తల ఊపి, లోపలికి రానిచ్చాడు.

ఆ తర్వాత పైడి పెట్టిన ప్రతి అడుగులోనూ ఒక పల్లేరుకాయ దిగింది. అయినా పళ్ళు బిగబట్టి కుడివైపు నుంచి బంతి పంపింది. ఎడమవైపు నూకాలు ఉంది. గోల్ పడింది. అంతలోనే తాత ఈల వేశాడు. గెలవలేదు, ఓడలేదు, ఆట సమానం.

అందరూ వెళ్ళిపోయాక నూకాలు పైడి కాలు ఒళ్ళో పెట్టుకుని, పళ్ళతో ముళ్ళు ఒక్కొక్కటే లాగింది.

"ఇంకోసారి నా బూటు అడుగుతావా?"

"అడగనే."

"అడిగితే అడుగు. ఈసారి ఇవ్వను."

అప్పుడు నవ్వింది పైడి, ఏడుస్తూనే.

నీతి: ఆటలో తొడుక్కునేది ఆడటానికి, చూసేవాళ్ళ నోళ్ళు మూయించడానికి కాదు. నువ్వు నిండుగా కనబడాలని స్నేహితురాలి కాలు ఖాళీ చేస్తే, ఖాళీ అయ్యేది నీ జట్టే.