ఆకలికి సాక్షులు

త్రిలోచనాచార్యులవారిని ప్రశ్న అడగాలంటే శిష్యులకు కాస్త జంకు. ఆయన కోప్పడతారని కాదు. జవాబు తన నోటితో చెప్పరు, అడిగినవాడి చేతనే చెప్పిస్తారు. ఆ సంగతి తెలిసి కూడా పట్టశిష్యుడు కేశవభట్టు ఒకనాడు ధైర్యంగా అడిగాడు.

"గురువుగారూ, అడగడానికి నామోషీపడేవాడికి మనమెందుకు పెట్టాలి?"

కృష్ణ ఒడ్డున ఉన్న ఆ విద్యాపీఠంలో చోటు దొరకడం మాటలు కాదు. వందలమంది వస్తే ఏ కొద్దిమందో నిలుస్తారు. పరీక్ష తెరచాటున జరుగుతుంది గనక, వచ్చినవాడు పట్టుపంచె కట్టాడో చిరుగుల గొంగడి కప్పాడో పండితులకు తెలియదు. నెగ్గినవాడికి ఇంట్లో జరుగుబాటు లేకపోతే తిండీ బట్టా పీఠమే చూసుకుంటుంది. అయితే కిందటేడు ఒక మోతుబరి కొడుకు లేనివాడినని చెప్పి ఏడాదంతా ఉచితంగా తినిపోయాడు. అప్పటినుంచి కేశవభట్టుకు ఒళ్లు మండుతూనే ఉంది. ఈ ఏడాది ప్రవేశాల బాధ్యత తన చేతికి రాగానే కొత్త కట్టడి పెట్టాడు. సాయం కావలసినవాడు నిండు సభలో లేచి తన లేమి చెప్పుకోవాలి, ఊరి పెద్దలిద్దరిని సాక్షులుగా నిలబెట్టాలి. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదేనని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఈసారి అందరికన్నా మిన్నగా నెగ్గినవాడు మైలారయ్య, గొర్రెలకాపరుల ఇంటి యువకుడు. అతని తర్కం విని తెర వెనక పండితులే తలలూపారు. ఏం లాభం, దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. కట్టడి వినగానే అతను కేశవభట్టుకు దండం పెట్టాడు.

"మంద సగం పోయిన కరువులో కూడా మా అయ్య ఎవరి ముందూ చెయ్యి చాపలేదయ్యా. నా చదువుకోసం ఆయన లేమిని సభలో చాటలేను."

అని గొంగడి భుజాన వేసుకుని రేవుకు వెళ్లిపోయాడు. పడవ భోజనాల వేళకు కదులుతుంది. అది కదిలిందంటే అతని చదువు అక్కడితో సరి.

ఈ కథంతా చెప్పాకే కేశవభట్టు ఆ ప్రశ్న వేశాడు. ప్రశ్న గట్టిగా ఉందని లోలోపల మురిశాడు కూడా. ఆచార్యులు విని, ఆకులు వేశారు పద నాయనా అన్నారు.

పంక్తి కూర్చుంది. వడ్డన వరసగా వస్తూ కేశవభట్టు దగ్గరికి చేరేసరికి ఆచార్యులు చెయ్యెత్తి ఆపారు. కేశవా, నీకు ఆకలిగా ఉందని మాకెలా తెలుస్తుంది, లేచి నలుగురికీ చెప్పు, ఇద్దరు సాక్షులను కూడా చూపించు అన్నారు. పరిహాసమేమోనని అతను నవ్వబోయాడు. గురువు నవ్వలేదు. అందరి ఆకుల్లోనూ అన్నం పొగలు కక్కుతోంది. అతనికి వడ్డించేదాకా ఎవరూ ముద్ద ఎత్తకూడదు. నిన్నటిదాకా తన దగ్గర పాఠం చెప్పించుకున్న పిల్లలు కూడా తనవంకే చూస్తున్నారు. అతని చెవులు వేడెక్కాయి. సిగ్గు వెనకే కోపం వచ్చింది.

"పిలిచింది మీరు. ఆకు వేసింది మీరు. కూర్చున్నాక ఆకలికి రుజువడగడం ఏం మర్యాద గురువుగారూ?"

ఆచార్యులు కిటికీలోంచి రేవు వైపు చూశారు.

కేశవభట్టు కూడా అటు చూశాడు. తను అన్న మాటే తనకు మళ్లీ వినిపించినట్టయింది. పంక్తి మధ్యలోంచి లేవడం తప్పని చిన్నప్పటినుంచి నేర్చినవాడు, ఉత్తరీయం జారిపోతున్నా పట్టించుకోకుండా లేచి రేవు వైపు పరుగెత్తాడు. పడవవాడు అప్పటికే తాడు విప్పుతున్నాడు.

వడ్డించేవాడు కాసేపు తటపటాయించి, ఈ ఆకు తీసెయ్యనా అని అడిగాడు.

"ఉండనీ," అన్నారు ఆచార్యులు. "పక్కన ఇంకొకటి వెయ్యి."